కోడలి బైబిల్లో ఏడు పుస్తకాలు ఎక్కువ

ప్రశ్న: మాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం. మా మామగారు ఉపదేశిగా పనిచేశారు. నేను టీచరుగా రిటైరయ్యాను, సండే స్కూల్లో ఇప్పటికీ పాఠం చెబుతున్నాను. మా అబ్బాయి ఆర్‌సీఎం (రోమన్ కతోలిక్) అమ్మాయిని చేసుకున్నాడు. మంచి పిల్ల. ఈమధ్య రాత్రి కుటుంబ ప్రార్థనలో వాక్యం చదవమంటే తన బైబిల్లోంచి తోబీతు అనే పుస్తకం చదివింది. అందులో చేప, దేవదూత, వెంట నడిచే కుక్క ఉన్నాయి. మా ఐదేళ్ల మనవడికి తెగ నచ్చేసింది, రోజూ కుక్క కథ చదవమంటాడు. మావారు మాత్రం "అది బైబిలు కాదు" అంటూ ప్రార్థన మధ్యలో లేచి వెళ్లిపోయారు. అప్పటినుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. దీనికితోడు హైదరాబాదు నుంచి వచ్చిన మా మరిది కొడుకు, "బైబిల్లో ఏముండాలో నైకయ సభలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఓట్లు వేయించి తేల్చాడు పెద్దమ్మా, మిగతావి తగలబెట్టించాడు, వీడియోలో చూశా" అన్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. మనవాళ్లు ఏడు పుస్తకాలు తీసేశారా, వాళ్లే కలిపారా? అసలు ఎవరు నిర్ణయించారు? కలపకూడదు, తీసివేయకూడదు అని ప్రకటన గ్రంథం చివర ఉంది కదా. కోడల్ని చదవనివ్వడం తప్పవుతుందా? (పేరు వేయొద్దన్న పాఠకురాలు)

సమాధానం:

అమ్మా,

ముందుగా మీవారి చెవిన ఒక మాట వేయండి. మార్టిన్ లూథర్ 1534లో అచ్చు వేయించిన పూర్తి జర్మన్ బైబిల్లో తోబీతు ఉంది. పాత నిబంధన అయిపోయాక, కొత్త నిబంధన మొదలవకముందు, మధ్యలో వేరే భాగం ఒకటి పెట్టి యూదితు, తోబీతు, మక్కబీయుల్లాంటివి అందులో వేశాడు. పైన ఒక వాక్యం రాశాడు: ఇవి పరిశుద్ధ లేఖనాలతో సమానం కావు గాని చదవడానికి పనికొచ్చేవి, మంచివి. ఆ రాత్రి మీ ఇంట్లో మీవారు లేచి వెళ్లిపోయారు గాని, లూథర్ ఉండుంటే కూర్చుని వినేవాడు.

ఇక మీ ప్రశ్నలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉన్నాయి కాబట్టి కలిపే చెబుతాను.

మీ మరిది కొడుకు చూసిన వీడియో నేనూ చూశాను. అదే కాకపోతే దాని అన్నో తమ్ముడో. 325లో నైకయలో సభ జరిగిన మాట నిజం, కాన్‌స్టంటైన్ పిలిపించిన మాటా నిజం. ఇప్పటి టర్కీలో ఇజ్నిక్ అనే ఊరది. కాని అక్కడ పంచాయితీ పుస్తకాల మీద కాదు, అరియస్ అనే గురువు బోధ మీద. కుమారుడు తండ్రితో సమానుడా, తండ్రి చేత సృష్టించబడినవాడా అన్నది అసలు గొడవ. ఈస్టర్ ఎప్పుడు జరుపుకోవాలన్నది రెండోది. ఆ సభ 20 కట్టడలు చేసింది. బిషప్పులు ఒక ఊరు వదిలి ఇంకో ఊరికి మారకూడదు, వడ్డీ వ్యాపారం చేసే గురువుల్ని తీసేయాలి, ఇలాంటివి. ఇరవయ్యీ చదవండి, పుస్తకాల జాబితా కనబడదు.

మరి ఈ కథ ఎక్కడ పుట్టింది? 9వ శతాబ్దం నాటి ఒక గ్రీకు రచనలో ఉంది. నైకయలో పుస్తకాలన్నీ బలిపీఠం దగ్గర పెట్టి ప్రార్థన చేస్తే అసలైనవి పైన నిలిచాయని, నకిలీవి కిందికి చేరాయని అందులో రాశారు. సభ జరిగి ఐదు వందల ఏళ్లు దాటాక పుట్టిన ముచ్చట ఇది. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో వోల్టేర్ అనే రచయిత దీన్ని పట్టుకుని ఎగతాళి చేశాడు. మన కాలంలో ఒక ఇంగ్లిష్ థ్రిల్లర్ నవల దానికి ఇంకాస్త మసాలా కూరింది. ఆ తర్వాత వీడియోలవాళ్ల వంతు.

కాన్‌స్టంటైన్ బైబిళ్ల విషయంలో చేసిన పని ఒకటి ఉంది, అది వేరు. సుమారు 331లో కైసరయ బిషప్పు యూసీబియస్‌కి ఉత్తరం రాశాడు. కొత్త రాజధానిలో గుడులకు కావాలి, మంచి చర్మపు కాగితాల మీద, చేయి తిరిగిన లేఖకులతో 50 ప్రతులు రాయించండి, తీసుకురావడానికి రెండు సర్కారు బండ్లు వాడుకోండి అని. ఏ పుస్తకాలు ఉండాలో రాయలేదు. సంఘానికి ఏవి అవసరమో మీకు తెలుసు కదా అన్నట్టు వదిలేశాడు. చక్రవర్తి బండ్లు ఇచ్చాడు, తోలు ఖర్చు పెట్టుకున్నాడు. జాబితా ఆయనది కాదు.

ఎవరిదంటే, చదివినవాళ్లది, విన్నవాళ్లది. నన్నడిగితే ఈ మొత్తం చరిత్రకు తాళంచెవి అదే. ముందు సంఘాల్లో చదవడం మొదలైంది, జాబితా చాలా ఆలస్యంగా వచ్చింది.

కొలస్సయులకు రాసిన పత్రిక చివర చూడండి. ఈ పత్రిక మీరు చదివించుకున్నాక లవొదికయ సంఘంలో కూడా చదివించండి, లవొదికయ నుంచి వచ్చే పత్రికను మీరు చదివించుకోండి అంటాడు పౌలు. బైబిలు పుట్టుక అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. ఒక ఊరికి ఉత్తరం వస్తుంది. పక్క ఊరివాళ్లు నకలు రాసుకుపోతారు. నచ్చితే మళ్లీ మళ్లీ చదువుతారు. సంఘంలో ఎక్కువమందికి చదువు రాదు కాబట్టి ఒకడు పైకి చదవాలి, మిగతావాళ్లు వినాలి. రోములో జస్టిన్ అనే ఆయన 150 ప్రాంతంలో రాశాడు: ఆదివారం అందరం ఒకచోట కూడతాం, అపొస్తలుల జ్ఞాపకాలు గాని ప్రవక్తల రాతలు గాని వేళ ఉన్నంతసేపు చదువుతారు అని. వేళ ఉన్నంతసేపట! మన గుళ్లలో అయితే వాచీలు చూసుకుంటాం. అన్నట్టు, ఆ లవొదికయ నుంచి వచ్చిన పత్రిక ఆ పేరుతో మనదాకా రాలేదు. పౌలు రాసినవన్నీ కూడా బైబిల్లో లేవన్నమాట.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. అప్పట్లో బైబిలు అంటే ఒక అట్టల మధ్య కుట్టిన పుస్తకం కాదు. పాత నిబంధన అంటే విడివిడి చుట్టలు, బుట్టలోనో బీరువాలోనో ఉండేవి. మన తాతల ఇళ్లలో తాటాకు కట్టలు అటక మీద ఉన్నట్టు. ఏ కట్ట పవిత్రం, ఏ కట్ట మామూలుది అని గీత గీయాల్సిన అవసరం రోజూ ఉండదు. రేకులు కుట్టి పుస్తకాలు చేయడం అలవాటయ్యాకే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపి కుట్టాలి అన్న ప్రశ్న బలంగా వచ్చింది. జాబితాని ఇంగ్లిష్‌లో కానన్ అంటారు. గ్రీకు మాట, కొలకర్ర అని అర్థం. పాత కోర్టు కాగితాల్లో కనిపించే కానూను కూడా అరబ్బీ దారిలో వచ్చిన ఆ మాటే.

మొదటిసారి కొలకర్ర పట్టుకున్నవాడు, తమాషా ఏమిటంటే, సంఘం వెలివేసిన మనిషి. పేరు మార్కియన్. నల్లసముద్రం ఒడ్డున సినోపే ఊరివాడు, ఓడల ఆసామి. పాత నిబంధన దేవుడు వేరు, యేసు చెప్పిన తండ్రి వేరు అన్నాడు. కాబట్టి పాత నిబంధన మొత్తం వద్దు. కత్తిరించిన లూకా సువార్త ఒకటి, పౌలు పత్రికలు పది, అంతే చాలన్నాడు. 144లో రోము సంఘం ఆయన్ను బయటికి పంపింది, ఆయన ఇచ్చిన రెండు లక్షల సెస్టర్సుల (రోమన్ నాణేల) కానుక కూడా తిరిగి ఇచ్చేసింది. (కానుక తిరిగి ఇచ్చిన సంఘం! ఈ ముక్క చెప్పినప్పుడల్లా నా సెమినరీ క్లాసులో పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకునేవారు.) ఇన్నే అని ఒకడు గీత గీశాక, మరి మీవి ఎన్ని అని మిగతావాళ్లు జవాబు చెప్పుకోక తప్పలేదు. 180 ప్రాంతంలో లియోన్ బిషప్పు ఇరేనియస్, దిక్కులు నాలుగు, గాలులు నాలుగు, సువార్తలూ నాలుగే అని రాశాడు. లెక్క సంగతి ఎలా ఉన్నా, అప్పటికే ఆ నాలుగూ స్థిరపడ్డాయని తెలుస్తోంది. నైకయకు ఇంకా 145 ఏళ్లుంది.

ఇప్పుడు మీ ఇంటి గొడవకు దగ్గరగా ఉన్న ఒక కథ. దాదాపు 200 ప్రాంతం. అంతియొకయ బిషప్పు సెరాపియన్ దగ్గరలో ఉన్న రోస్సు అనే చిన్న ఊరికి వెళ్లాడు. అక్కడి సంఘంలో పేతురు సువార్త అనే పుస్తకం చదువుతున్నారు, దాని మీద తగువు. ఆయన ఆ పుస్తకం చదవలేదు. పేతురు పేరు ఉంది కదా అనుకున్నాడో ఏమో, మీ గొడవకు ఇదొక్కటే కారణమైతే చదువుకోండి పోనీ అని వచ్చేశాడు. తర్వాత తెలిసింది, ఆ పుస్తకం పట్టుకు తిరిగేవాళ్లు క్రీస్తు శరీరం నిజం శరీరం కాదు, అలా కనిపించిందంతే అనేవాళ్లని. అప్పుడు వాళ్ల దగ్గరే ప్రతి అరువు తెచ్చుకుని కూర్చుని చదివాడు. చదివి ఉత్తరం రాశాడు. ఇందులో చాలామటుకు సరైన బోధే ఉంది, కొన్ని మాత్రం అదనంగా చేర్చారు. పేతురునీ ఇతర అపొస్తలులనీ క్రీస్తును అంగీకరించినట్టే అంగీకరిస్తాం గాని వాళ్ల పేరు పెట్టి ఎవరో రాసినవి మా పెద్దలు మాకు అప్పగించలేదు, కాబట్టి వద్దు అన్నాడు. ఆ పుస్తకంలో కొంతభాగం ఈజిప్టులో అఖ్మీమ్ అనే చోట 1886-87 చలికాలంలో దొరికింది. అందులో సమాధి నుంచి సిలువ నడుచుకుంటూ వస్తుంది, మాట్లాడుతుంది కూడా.

సెరాపియన్ నాకు ఇష్టమైన మనిషి. చదవకుండా సరే అన్నాడు, తప్పు తెలుసుకున్నాడు, చదివి కాదన్నాడు. మన ఇళ్లలో ఎక్కువగా చదవకుండానే సరే అనడం, చదవకుండానే కాదనడం నడుస్తోంది.

ఇలాంటిదే ఇంకొకటి. మిలాన్ లైబ్రరీలో దొరికిన లాటిన్ తునక, 1740లో మురటోరి అనే పండితుడు అచ్చు వేశాడు. 85 పంక్తులు, మొదలూ చివరా లేవు, నకలు రాసినవాడి లాటిన్ అయితే మరీ ఘోరం. రెండో శతాబ్దం చివరిదని చాలామంది, నాలుగోదని కొందరు అంటారు. సంఘంలో చదవదగిన పుస్తకాల పట్టిక అది. అందులో హెర్మాసు రాసిన కాపరి అనే పుస్తకం గురించి ఏమన్నాడంటే: ఇది మొన్నమొన్న మన కాలంలో రోములో రాసింది, చదువుకోవాలి గాని, సంఘంలో జనం ముందు ప్రవక్తలతో అపొస్తలులతో కలిపి చదవకూడదు. చూశారా? లేఖనం, దొంగపుస్తకం అని రెండే గదులు కావు. ఇంట్లో చదువుకోదగినది అని మూడో గది కూడా ఉంది. లూథర్ తోబీతును పెట్టింది ఆ మూడో గదిలోనే.

జాబితా పుట్టింది సభల్లో కాదని నాకు గట్టిగా అనిపించేది 303 నాటి సంగతులు చదివినప్పుడు. ఆ ఏడాది డయొక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవుల లేఖనాలు తగలబెట్టమన్నాడు. ఉత్తర ఆఫ్రికాలో సిర్తా అనే ఊళ్లో మే 19న జరిగిన సోదా తాలూకు పంచనామా మనకు మిగిలింది. నగర అధికారి ఫెలిక్స్, గుమాస్తాలను వెంటబెట్టుకుని సంఘం కూడుకునే ఇంటికి వచ్చాడు. వెండి గిన్నెలు, దీపాలు, ఆడవాళ్ల అంగీలు 82, ఆడవాళ్ల చెప్పులు 47 జతలు, అన్నీ రాసుకున్నారు. బీదలకు పంచడానికి దాచినవి కాబోలు. పుస్తకాల బీరువాలు తెరిస్తే ఖాళీ. లేఖనాలు చదువరుల (సంఘంలో పైకి చదివి వినిపించేవాళ్ల) దగ్గరున్నాయి అన్నాడు బిషప్పు. వాళ్లెవరో చెప్పమంటే ఇద్దరు పరిచారకులు, మేం ద్రోహులం కాము, కావాలంటే చంపించండి అన్నారు. వేరేవాళ్లు ఇళ్లు చూపించారు. ఒక్కో ఇంటికీ వెళ్లారు. ఒక చదువరి ఇంట్లో లేడు, ఆయన భార్య ఆరు పుస్తకాలు తెచ్చి ఇచ్చింది. ఇంకా ఉన్నాయేమో చూడమన్నాడు ఫెలిక్స్. లేవంది. బంట్రోతును లోపలికి పంపి వెతికించాడు, దొరకలేదు. ఆ ఆడమనిషి పేరు పంచనామాలో లేదు.

అదే రోజుల్లో కార్తేజ్ బిషప్పు మెన్సూరియస్ ఒక పని చేశాడు. లేఖనాలన్నీ ముందే దాచేసి, తప్పుడు బోధకుల పుస్తకాలు గుడిలో పెట్టి ఉంచాడు. సోదాకు వచ్చినవాళ్లు అవే పట్టుకుని తృప్తిగా వెళ్లిపోయారు. ఇది తెలివా, మోసమా అని తర్వాత పెద్ద రగడే అయింది, అది వదిలేయండి. నేననేది, ఏది ఇచ్చేసినా ఫరవాలేదు, ఏది ప్రాణం పోయినా ఇవ్వకూడదు అన్నది 303లో మామూలు జనానికి చాలామటుకు తెలుసు. నైకయ ఇంకా 22 ఏళ్ల దూరంలో ఉంది, కాన్‌స్టంటైన్ ఇంకా చక్రవర్తి కూడా కాలేదు. సిర్తా ఊరికి తర్వాత ఆయన పేరే పెట్టారు, ఇప్పటికీ అల్జీరియాలో దాన్ని కాన్‌స్టంటైన్ అనే పిలుస్తారు. మీ మరిది కొడుక్కి ఇది చెప్పండి.

చాలామటుకు అని ఎందుకన్నానంటే, అంచులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. యూసీబియస్ అందరూ ఒప్పుకున్నవి, కొందరు కాదంటున్నవి, నకిలీవి అని విడదీసి రాశాడు. యాకోబు, యూదా, రెండో పేతురు, రెండు మూడు యోహాను పత్రికలు కొందరు కాదంటున్న వరుసలో ఉన్నాయి. ప్రకటన గ్రంథాన్ని ఎక్కడ పెట్టాలో తేలక రెండుచోట్లా రాశాడు. పడమటివాళ్లకు హెబ్రీయులకు రాసిన పత్రిక మీద అనుమానం, తూర్పువాళ్లకు ప్రకటన మీద. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు బైబిల్లో ప్రకటనను ఉంచుకున్నాయి గాని, ఆరాధనలో దాన్ని ఈనాటికీ చదవరు. సీనాయి కొండ దగ్గర మఠంలో దొరికిన 4వ శతాబ్దపు గ్రీకు బైబిల్లో ప్రకటన తర్వాత బర్నబా పత్రిక, ఇందాక చెప్పిన కాపరి కూడా ఉన్నాయి.

ఇప్పుడు మన చేతిలో ఉన్న 27 పుస్తకాలే, ఎక్కువా తక్కువా లేకుండా, మొదట కనిపించేది 367లో. అలెక్సంద్రియ బిషప్పు అతనాసియస్ ఏటా ఈస్టర్ తేదీ తెలియజేస్తూ సంఘాలకు ఉత్తరం రాసేవాడు, ఆ ఏటి ఉత్తరంలో పట్టిక ఇచ్చాడు. రాజకీయం లేదని నేననను. తన మాట వినని గుంపులను, వాళ్లు చదివే పుస్తకాలను కట్టడి చేయాలన్న ఆలోచన ఆ ఉత్తరంలో స్పష్టంగా ఉంది. కాని ఆ 27లో ఆయన కొత్తగా కనిపెట్టింది ఏదీ లేదు. ఉత్తర ఆఫ్రికాలో 393లో హిప్పోలో, 397లో కార్తేజ్‌లో జరిగిన సభలు అవే 27 ఒప్పుకున్నాయి. అయినా సిరియా భాష బైబిల్లో చాలాకాలం 22 మాత్రమే ఉండేవి. ఆ భాషలో ఆరాధన చేసిన కేరళ తోమా క్రైస్తవుల పుస్తకాల్లోనూ అంతే. 1599లో కొచ్చి దగ్గర ఉదయంపేరూరులో పోర్చుగీసు ఆర్చిబిషప్పు పెట్టిన సభ, లేనివి చేర్చుకోమని వాళ్లకు హుకుం జారీ చేసింది.

ఇప్పుడు ఆ ఏడు పుస్తకాల దగ్గరికి వస్తాను. ఇది పాత నిబంధన తగువు, కొత్త నిబంధనలో మీకూ మీ కోడలికీ ఒక్క పుస్తకం తేడా లేదు.

యూదులు హెబ్రీ లేఖనాలను 24గా లెక్కపెడతారు. మన 39కీ వాటికీ లెక్కలోనే తేడా, సరుకు ఒకటే. వాళ్లకు పన్నెండుమంది చిన్న ప్రవక్తలు కలిపి ఒక పుస్తకం. ఆ వరుస కూడా ఒక్కరోజులో తేలలేదు. పరమగీతం, ప్రసంగి పవిత్రమా కాదా అని రబ్బీలు వాదించుకున్నారు. లేఖనాలన్నీ పరిశుద్ధమే, పరమగీతం అయితే అతి పరిశుద్ధం అని రబ్బీ అకీవా తేల్చి చెప్పాడు. మరోపక్క ఈజిప్టులో అలెక్సంద్రియ యూదులు క్రీస్తుకు ముందు 3వ శతాబ్దం నుంచి లేఖనాలను గ్రీకులోకి మార్చుకోసాగారు. ఆ గ్రీకు బీరువాలోకి తోబీతు, యూదితు, సొలోమోను జ్ఞానం, సీరా కుమారుడి జ్ఞానం, బారూకు, మక్కబీయులు రెండు కూడా చేరాయి. తొలి క్రైస్తవుల్లో ఎక్కువమంది చదివింది గ్రీకే. వాళ్లు బీరువా మొత్తం వాడుకున్నారు.

400 ప్రాంతంలో ఇద్దరు మహానుభావులు దీని మీద రెండు దారులు పట్టారు. బేత్లెహేములో కూర్చుని హెబ్రీ నుంచి లాటిన్‌లోకి తర్జుమా చేస్తున్న జెరోమ్, హెబ్రీలో ఉన్నవే లెక్క, మిగతావి సంఘం చదువుకోవచ్చు గాని సిద్ధాంతం వాటితో నిరూపించకూడదు అన్నాడు. హిప్పో బిషప్పు అగస్టీన్, సంఘాలు చదువుతూ వస్తున్నాయి కదా, అవీ లేఖనాలే అన్నాడు. హిప్పో, కార్తేజ్ సభలు అగస్టీన్ వైపు నిలిచాయి, తోబీతును జాబితాలో రాశాయి. తమాషా ఏమిటంటే, లెక్కలోది కాదంటూనే ఇద్దరు బిషప్పులు అడిగారని జెరోమ్ తోబీతును తర్జుమా చేసి ఇచ్చాడు. ఒక్క రోజులో అయిపోయిందని తనే రాసుకున్నాడు. అరామిక్ తెలిసిన మనిషి ఒకడు పక్కన కూర్చుని హెబ్రీలో చెబుతుంటే, ఆయన లాటిన్‌లో చెప్పి రాయించాడట. 1947 నుంచి మృతసముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో దొరికిన చుట్టల్లో తోబీతువి నాలుగు అరామిక్ ప్రతుల ముక్కలు, ఒక హెబ్రీ ప్రతి ముక్కలు ఉన్నాయి. ఎస్తేరు గ్రంథం ముక్క ఒక్కటీ లేదు. మీ బైబిల్లో ఎస్తేరు ఉంది, తోబీతు లేదు. ఆ గుహలవాళ్ల దగ్గర అటుదిటు.

ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా రెండు అభిప్రాయాలూ ఒకే సంఘంలో పక్కపక్కనే బతికాయి. 1519లో లైప్‌జిగ్‌లో జరిగిన వాదంలో చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన గురించి ఎక్ అనే కతోలిక పండితుడు రెండో మక్కబీయులు 12వ అధ్యాయం చూపించాడు. అది జాబితాలోది కాదు, దాంతో సిద్ధాంతం కట్టొద్దన్నాడు లూథర్. జెరోమ్ మాటే అది. 1546 ఏప్రిల్ 8న ట్రెంట్ సభలో కతోలికులు, కాదు, ఇవన్నీ లేఖనాలే అని గట్టిగా ముద్ర వేశారు. అగస్టీన్ మాటే ఇది. కాబట్టి వాళ్లు 1546లో కలిపారనేది నిజం కాదు, 397లోనే ఉన్నాయి. మనవాళ్లు దొంగతనంగా తీసేశారనేదీ నిజం కాదు, జెరోమ్ నాటి నుంచీ ఆ గీత ఉంది.

మరి లూథర్ వేసినవి మీ తెలుగు బైబిల్లో ఎందుకు లేవు? ఇది మాత్రం నిజంగా తీసేయడమే. 1611 నాటి ఇంగ్లిష్ కింగ్ జేమ్స్ బైబిల్లో కూడా అవి ఉన్నాయి. లండన్ బైబిలు సొసైటీలో 1820ల్లో పెద్ద గొడవ జరిగింది. మా చందా డబ్బుతో వాటిని అచ్చు వేయొద్దని స్కాట్లండ్ వాళ్లు పట్టుబట్టారు. 1826లో సొసైటీ ఇకమీదట వేయబోమని తీర్మానించింది. మన తెలుగు బైబిలు అచ్చు పని చాలామటుకు బైబిలు సొసైటీ అండతో సాగింది. కాబట్టి మీ మామగారి చేతికి వచ్చిన పుస్తకంలో ఆ మధ్య భాగం లేదు. లేనిదాన్ని ఆయన ఎలా చదువుతారు? కనబడనిది క్రమంగా కూడనిది అయిపోయింది.

ప్రకటన 22లో ఉన్న మాట గురించి. ఈ గ్రంథమందున్న ప్రవచన వాక్యములు అని అక్కడ యోహాను అంటున్నది తను రాస్తున్న ఆ ఒక్క పుస్తకాన్ని. ఆయన రాసేనాటికి 66 కలిపి కుట్టిన పుస్తకం లోకంలో లేదు. అలాంటి హెచ్చరికే ద్వితీయోపదేశకాండం 4వ అధ్యాయం రెండో వచనంలో కూడా ఉంది. దాన్ని మీరు అనుకున్నట్టు తీసుకుంటే యెహోషువ నుంచి అన్నీ చింపేయాలి. ఇంకొకటి, యూదా పత్రిక 14వ వచనం తీయండి. ఆదాము మొదలుకొని ఏడవవాడైన హనోకు ప్రవచించాడని ఒక మాట ఎత్తి రాశాడు. ఆ మాట హనోకు గ్రంథంలోది. అది మీ బైబిల్లోనూ లేదు, కోడలి బైబిల్లోనూ లేదు. ఇతియోపియా సంఘం బైబిల్లో ఉంది, వాళ్ల లెక్క 81.

ఇక ఇంట్లో ఏం చేయాలన్నది. కోడల్ని చదవనివ్వడం తప్పు కాదు. కుటుంబ ప్రార్థనలో ఆమె వంతు వచ్చినప్పుడు ఆమె బైబిల్లోంచే చదవనివ్వండి. తోబీతు మీవారికి ఎంతకీ మింగుడు పడకపోతే, ప్రార్థనలో ఇద్దరికీ ఉన్న పుస్తకాల్లోంచి చదివి, మనవణ్ణి పడుకోబెట్టేటప్పుడు తోబీతు చదవమనండి. ఆ మూడో గది అందుకే ఉంది. కాని ఈ మాట కోడలికి మీవారు చెప్పకూడదు, మీరు చెప్పాలి, అదీ వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు. అది బైబిలు కాదని ఆమె ముందు అన్నప్పుడు ఆమెకు వినిపించేది పుస్తకం గురించి కాదు, పుట్టింటి గురించి. వాళ్ల పెళ్లిళ్లలో తోబీతు కొడుకు తోబియా, అతని భార్య సారా చేసిన ప్రార్థన చదవడం ఉంది, ఆమె పెళ్లిలోనూ చదివారేమో అడగండి.

అంతకంటే ముందు మీరు చదవండి, సెరాపియన్ రెండోసారి చేసినట్టు. తోబీతు 14 అధ్యాయాలే, గంట పట్టదు. చదివాక నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. పనిలో పనిగా రెండు బైబిళ్లూ పక్కపక్కన పెట్టి దానియేలు తీయండి. మీదాంట్లో 12 అధ్యాయాలు, ఆమెదాంట్లో 14. చివరి రెండింటిలో ఒకటి సూసన్న కథ. అబద్ధపు సాక్షుల్ని విడివిడిగా పిలిచి, ఏ చెట్టు కింద చూశారని అడిగి దొరకబుచ్చుకుంటాడు దానియేలు. రిటైరైన టీచరుగారికి నచ్చకపోదు.

అసలు తేడా ఉన్నచోటు కూడా తెలిసి ఉండాలి. సమాధుల పండుగ రోజు మీ కోడలు చనిపోయిన తన తాతయ్య కోసం ప్రార్థన చేస్తుంది. మీ సంఘంలో అలా చేయరు. రెండో మక్కబీయుల మీద తగువు చివరికి వచ్చి ఆగేది అక్కడే. అది నిజమైన భేదం, పుస్తకాల లెక్క చెప్పి దాన్ని మాయం చేయలేం. ఆ రోజు ఆమెతో పూలు పట్టుకుని వెళ్లండి. ప్రార్థన ఎవరిది వారు చేసుకోవచ్చు.

సండే స్కూల్లో పిల్లలు బైబిల్లో ఎన్ని పుస్తకాలంటే 66 అనే చెప్పండి, మీ సంఘం బైబిలు అది. ఆర్‌సీఎం వాళ్లు కలిపారని మాత్రం చెప్పకండి.

మనవడి కుక్క సంగతి మిగిలింది. తోబియా ప్రయాణం బయల్దేరినప్పుడు అది వెంట వెళ్లినట్టు ఉంది, తిరిగి ఇంటికి వస్తున్నప్పుడు 11వ అధ్యాయంలో మళ్లీ కనిపిస్తుంది. దాని పేరు ఎక్కడా లేదు. మధ్యలో ఏం తిన్నది, చేప తలకాయ దానికి వేశారా లేదా, అదీ రాయలేదు. మనవడు తప్పకుండా అడుగుతాడు. తాతయ్యనే అడగమనండి.